నీళ్లొచ్చే వేళ సభ

నళినికి ఒకటే దిగులు. ఆరేళ్లుగా ఆడవాళ్ల గురించి రాస్తోంది. ఒక్క ఆడమనిషీ ఉత్తరం రాయదు.

ఉత్తరాలు రాకపోలేదు. కట్టలకు కట్టలే వచ్చేవి. అన్నీ రిటైరైన హెడ్మాస్టర్లవి, బ్యాంకు ఉద్యోగులవి, కవిత్వం రాసే కుర్రాళ్లవి. "మీ కలంలో నిప్పుంది" అని ఒకరు, "మీలాంటివాళ్లు ఇంటికొకరుండాలి" అని ఇంకొకరు. ఆ రెండో ఆయన ఈ మాట ఇంట్లో ఆవిడతో అన్నాడో లేదో తెలీదు.

ఒకరోజు పత్రిక ఆఫీసులో ప్రూఫులు దిద్దుతూ సత్యవేణి గారిని అడిగేసింది.

సత్యవేణి గారంటే తెనాలిలో కొందరికి గౌరవం, కొందరికి ఒళ్లుమంట. వయసులో ఉండగా ఓ దినపత్రికలో చేరితే, ఆడపిల్ల కదా అని ముగ్గుల పేజీ చేతిలో పెట్టారు. ముగ్గుల పక్కన పచ్చళ్లు. ఆవిడ కాదనలేదు. ఆవకాయ ఎలా పెట్టాలో రాస్తూ, కారం కలిపిన చేతులు రాత్రంతా ఎలా మండుతాయో, మొదటి ముద్ద ఎవరి కంచంలో పడుతుందో కూడా రాసేశారు. ఎడిటరు పిలిచి, "కొలతలు చాలమ్మా" అన్నాడు. ఆవిడ ఆ ఉద్యోగం వదిలేసి, సొంత ఊరొచ్చి మాసపత్రిక పెట్టారు.

ఇక సినిమాలు, నాటకాలు, పెళ్లిపాటలు, ఆఖరికి క్యాలెండరు బొమ్మలు కూడా ఆవిడ కంటపడి తప్పించుకున్నది లేదు. ఓ నాటక సమాజంవాళ్లు ఆవిడని లోపలికి రానివ్వొద్దని గేటు దగ్గర చెప్పి పెట్టుకున్నారు. ఆవిడ ప్రహరీ పక్కన నిలబడి డైలాగులన్నీ విని సమీక్ష రాశారు. అలాంటి మనిషి దగ్గర నళిని పని నేర్చుకుంటోంది.

"నేను రాసేది వాళ్ల గురించే కదమ్మా. వాళ్లకెందుకు పట్టదు?" అంది నళిని.

ఆవిడ ప్రూఫులోంచి తలెత్తలేదు. "ఎల్లుండి సభకొస్తున్నావుగా" అన్నారు.

ఆ సభ నళినికి చిన్న విషయం కాదు. మహిళా దినోత్సవం. ముఖ్య అతిథి శ్రీపతి గారు, హైదరాబాదులో పెద్ద దినపత్రిక సంపాదకుడు. ఆయన ఆదివారం శీర్షిక కోసం పదునుగా రాసే అమ్మాయిని వెతుకుతున్నారని నళిని చెవిన పడింది. చిన్న పత్రికలో ఎంత రాసినా జిల్లా దాటదు. ఆ శీర్షిక దొరికితే రాష్ట్రమంతా చదువుతుంది. అందుకే అద్దం ముందు నిలబడి మరీ ప్రసంగం బట్టీ పట్టింది.

గ్రంథాలయం హాల్లో ఒంటిగంటకు సభ అన్నారు. మన సభల సంగతి తెలిసిందే, రెండు దాటాక జ్యోతి వెలిగింది. మహిళా మండలి నుంచి పిలుచుకొచ్చిన ఆడవాళ్లతో హాలు నిండుగా ఉంది. వేదిక నిండా మాత్రం పంచెలూ ప్యాంట్లే. ఓ అంచున సత్యవేణి గారు, ఆవిడ పక్కన నళిని.

అధ్యక్షుడు స్త్రీని భూదేవితో పోల్చాడు. ఆత్మీయ అతిథి వేదకాలానికి వెళ్లి చాలాసేపు తిరిగి రాలేదు. తర్వాతి వక్త వాళ్లమ్మని తలుచుకుని కళ్లు తుడుచుకున్నాడు. తలుచుకున్నదల్లా ఆవిడ చేతి పులుసునే. ఆడవాళ్లు మాట్లాడే వంతు వచ్చేసరికి నాలుగు కావస్తోంది.

అప్పుడే వెనక వరసలు లేచాయి.

కార్యదర్శి చలపతిరావు గబుక్కున మైకు అందుకున్నాడు. "అమ్మా, తల్లులారా, కూర్చోండి! అసలు మీ విషయం ఇప్పుడే మొదలవుతోంది. కాస్త ఓపిక పట్టలేరా?"

ఎవరూ కూర్చోలేదు. నాలుగింటికి మున్సిపాలిటీవాళ్లు పంపు వదులుతారు. ఆ సంగతి ఆడవాళ్లకి తెలుసు, సభ పెట్టినవాళ్లకి తెలీదు. తాగేది మాత్రం ఆ నీళ్లే.

నళినికి ఉక్రోషం వచ్చింది. "చూశారా అమ్మా? ఇన్నేళ్లూ ఎవరికోసం గొంతు చించుకున్నామో వాళ్లే లేచి పోతున్నారు" అని గొణిగింది.

సత్యవేణి గారి పేరు పిలిచారు. ఆవిడ మైకు దగ్గరికి వెళ్లి గుమ్మం వైపు చూశారు.

"నీళ్లెంతసేపు వస్తాయమ్మా?"

గుమ్మం దాటబోతున్న ఒకావిడ వెనక్కి తిరిగింది. "గంటేనండి. ఒక్కోరోజు అదీ ఉండదు."

"అయితే పదండి" అన్నారు సత్యవేణి గారు. సంచీ భుజానికి తగిలించుకుని, మెట్లు దిగి, వాళ్లతోపాటు వెళ్లిపోయారు.

చలపతిరావు ముందుగా తేరుకుని, పెద్దావిడ కదా, ఒంట్లో బాగాలేదేమో అని సర్దేసి, నళినిని పిలిచాడు.

నళిని గుమ్మం వైపు చూసింది. శ్రీపతి గారి వైపు చూసింది. ఆయన కళ్లజోడు సవరించుకుని, కానివ్వమన్నట్టు తలూపారు. నళిని మైకు అందుకుంది.

బాగా మాట్లాడింది. ఆ మాట ఒప్పుకోవాలి. ఊళ్లో ఆడుతున్న కొత్త సినిమా మీద కిందటి నెల తను రాసిన వ్యాసాన్నే తీసుకుని ఇంకా పదును పెట్టింది. మొగుడు గెంటేస్తే తన కాళ్ల మీద తను నిలబడ్డ నాయిక, ఆఖర్న మళ్లీ ఆ ఇంటికే ఎందుకు వెళ్లిందని కడిగి పారేసింది. ఖాళీ కుర్చీల మధ్య మిగిలిన పెద్దమనుషులంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు.

"మా ఆదివారం శీర్షిక మీరే రాయాలమ్మా" అన్నారు శ్రీపతి గారు. "నా రైలుకింకా కాసేపుంది. ఇక్కడే కూర్చుని ఖాయం చేసేసుకుందాం. మళ్లీ హైదరాబాదు వెళ్తే నా చుట్టూ చేరేవాళ్లు చాలామంది."

నళినికి కాళ్లు నేల మీద ఆనలేదు. "ఒక్క నిమిషం సార్, సత్యవేణి గారికి చెప్పొస్తాను" అని బయటికి పరుగెత్తింది.

పంపు హాలు వెనక సందులోనే. బిందెల వరస మలుపు దాకా ఉంది. సత్యవేణి గారు ఎవరిదో బిందె కాళ్ల దగ్గర పెట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. చుట్టూ ఆడవాళ్లు, ఒకరి మాట ఒకరు సాగనివ్వడం లేదు. గొడవ ఆ సినిమా మీదే.

"ఆఖర్న మొగుడు ఏడ్చాడు కదండీ! కాళ్ల మీద పడ్డంత పని చేశాడు. ఇంకేం చెయ్యాలంట?" అంటోంది రోశమ్మ అనే ఆవిడ.

"ఆఖరి రీల్లో ఎవడైనా ఏడుస్తాడు. ముందు రీళ్లలో ఏం చేశాడో అది చెప్పు" అన్నారు సత్యవేణి గారు.

"మీకేం తెలుసులెండి, మీరసలు పెళ్లే చేసుకోలేదు!"

సందంతా గొల్లుమంది. సత్యవేణి గారూ నవ్వారు. "అదీ నిజమే. అయినా చెప్తాను, విను."

నళిని బిందెల్ని తప్పించుకుంటూ వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "అమ్మా, మీరుండాల్సింది! ఆదివారం శీర్షిక నాకే ఇస్తానంటున్నారు. హాల్లోనే ఉన్నారు, మీరూ రండి."

"ఎవరైనా కాదన్నారా?" అని అడిగారు సత్యవేణి గారు.

"దేన్నమ్మా?"

"నువ్వు చెప్పినదాన్ని."

"ఒక్కరూ అనలేదు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు."

"అయ్యో" అన్నారు సత్యవేణి గారు.

వెటకారం కాదు. పొయ్యి మీద పాలు విరిగిపోయాయంటే పక్కింటావిడ అన్నట్టు, నిజంగానే అన్నారు. నళిని మొహం చిన్నబోయింది.

ఇందాక గుమ్మంలోంచి నీళ్ల సంగతి చెప్పినావిడ, పేరు సామ్రాజ్యం, నళినిని ఎగాదిగా చూసింది. "ఈ సినిమా మీద మీ పుస్తకంలో రాసింది ఈవిడేనాండీ? మా అమ్మాయి చదివి వినిపించింది. మా అరుగు మీద పదిమందిమి కూర్చుని విన్నాం."

నళిని ఇంకో అడుగు ముందుకేసింది. "విన్నారా? ఎలా ఉందండీ?"

"ఎలా ఉండటమేంటి? నేనొప్పుకోను" అంది సామ్రాజ్యం, బిందె పంపు కింద పెడుతూ. "ఆ రోజంతా నాకు ఒళ్లు మండిపోయింది. మీరు కనపడితే అడుగుదామనే అనుకున్నాను."

ఆరేళ్లలో నళినితో ఆ మాట అన్న మొదటి మనిషి ఆవిడే. నళినికి చెవులు వేడెక్కాయి. కోపమో, సంతోషమో తనకే తెలియలేదు.

హాలు వెనక గుమ్మంలోంచి చలపతిరావు కేకేశాడు. "నళిని గారూ! శ్రీపతి గారు బయల్దేరిపోతున్నారండీ! రైలుకి టైమైపోతోంది!"

నళిని అటు చూసింది. తర్వాత సత్యవేణి గారి వైపు చూసింది. ఆవిడ ఇటు చూడటం లేదు. వరస కదిలిందని బిందెని ముందుకు జరుపుకుంటున్నారు.

"నళిని గారూ!"

నళిని శాలువా తీసి చంకలో పెట్టుకుని, సామ్రాజ్యం పక్కకి వచ్చి నిలబడింది.

"ఎందుకొప్పుకోరు?" అంది.