ముందు అడుగు

తూనీగల కోన అడవిలో ముళ్లపందులు, పునుగుపిల్లులు, ఉడుములు, ముంగిసలు, తాబేళ్లు, ఇంకా లెక్కలేనన్ని పిట్టలు ఉండేవి. ఆ అడవికి ఒక బడి కూడా ఉండేది. ఇప్పచెట్టు కింద జరిగే ఆ బడికి ఒక్కరే పంతులమ్మ. ఆమె పేరు ఇప్పమ్మ, ముసలి ఎలుగుబంటి. ఇప్పపూలంటే ఆమెకు ప్రాణం. ఎప్పుడూ ఒక బుగ్గలో పూలు కుక్కుకునే పాఠం చెప్పేది. అందుకే ఆమె మాటలు పొట్టిగా ఉండేవి. అందులోనూ సగం నోట్లోనే ఉండిపోయేవి.

ఆ బడిలో బంగారి అనే ముంగిస పిల్ల చదువుకునేది. పేరుకే బంగారి. అందరూ పిలిచేది మాత్రం 'వాకబు' అనే. దేన్ని చూసినా వాకబు చేయందే ఆ పిల్లకు ముద్ద దిగదు. చీమలు వరసలోనే ఎందుకు నడుస్తాయి? తాబేలు తాత తుమ్మితే తల లోపలికి పోతుందా, బయటికి వస్తుందా? ఇలాంటివి తేలేదాకా ఎవరినీ వదిలేది కాదు. దూరం నుంచి బంగారి కనబడితే చాలు, కొందరు పని ఉన్నట్టు పక్కకు తప్పుకునేవారు.

కిందటి వానాకాలం వాగు పొంగి, ఒడ్డున ఉన్న ఐదు ఇళ్లు కొట్టుకుపోయాయి. ముళ్లపంది సూదమ్మ ఇల్లు, తాబేలు తాత ఇల్లు, పునుగుపిల్లి ఇల్లు, ఉడుము ఇల్లు, బంగారి వాళ్ల ఇల్లు. అప్పటినుంచి ఆ ఐదు కుటుంబాలూ ఒకే బండ కింద ఇరుక్కుని ఉంటున్నాయి. పక్కకు ఒత్తిగిలితే ఎవరికో ఒకరికి ముల్లు గుచ్చుకునేది. పిల్లలు పడుకోవడానికి చోటు చాలదని బంగారి వాళ్లమ్మ కూర్చునే నిద్రపోయేది. అమ్మను అలా చూసినప్పుడల్లా బంగారి తను ఇంకాస్త ముడుచుకుని పడుకునేది. మళ్లీ వానలు రావడానికి ఇక రెండు నెలలే ఉంది.

పెద్దలంతా కూర్చుని, ఎర్రదిబ్బ మీద ఆ ఐదు కుటుంబాలకూ కొత్త ఊరు కట్టాలని తేల్చారు. ఆ ఊరు ఎలా ఉండాలన్న దగ్గర మాత్రం ఎవరికీ ఏమీ తోచలేదు. ఆ పని నా బడి పిల్లలు చేస్తారని ఇప్పమ్మ ముందుకొచ్చింది.

మర్నాడు బడిలో పిల్లల్ని రెండు జట్లు చేసింది. ఏ లోటూ లేని ఊరు ఎలా ఉంటుందో ఊహించమంది. మట్టితో బొమ్మ ఊరు చేయాలి. దిబ్బ మీద ఒక్క నిజమైన ఇల్లు కట్టి చూపించాలి. పది రోజులు గడువు. పెద్దలకు ఏ ఊరు నచ్చితే దాన్ని కట్టిస్తారు. ఇదంతా చెప్పి, గుప్పెడు పూలు బుగ్గన పెట్టుకుంటూ ఇప్పమ్మ చివరి మాట చెప్పింది.

"గుర్తుంచుకోండి. ముందు అడుగు. ఆ తర్వాతే గీత."

మొదటి జట్టుకు నాయకుడు జిలుగు అనే గిజిగాడు పిట్ట. గూడు అల్లడంలో జిలుగును మించినవాడు ఆ కోనలో లేడు. ఆ సంగతి ఎవరైనా మర్చిపోతారేమోనని రోజుకు నాలుగుసార్లు తనే గుర్తు చేసేవాడు. అతని జట్టులో కుందేలు, ఉడత ఉన్నాయి. గీత గీసే ముందు నేలను అడుగులతో కొలవమన్నారని జిలుగు వాళ్లకు వివరించాడు. కుందేలు వెంటనే చెంగుచెంగున గెంతుతూ దిబ్బంతా కొలిచేసింది. ఇళ్లు కట్టబోయే చోటునుంచి నీళ్లకు ఇరవై అడుగులేనని లెక్క చెప్పింది. ఉడత ఆ లెక్కను బెరడు మీద గీకిపెట్టుకుంది.

రెండో జట్టులో బంగారి, ఒక అడవికోడి పిల్ల, ఒక కోతిపిల్ల ఉన్నారు. వాళ్లూ కొలవడానికి బయలుదేరారు. సగం దారిలో బంగారి టక్కున ఆగిపోయింది. మనసులో ఏదో పురుగు తొలిచింది. వెనక్కి పరుగెత్తింది.

"పంతులమ్మా, మీరు చెప్పిన అడుగు కాలితో వేసేదా, నోటితో అడిగేదా?"

ఇప్పమ్మ నమలడం ఆపింది. "నువ్విప్పుడు చేసిందేమిటి?" అంది.

బంగారి ఆనందం పట్టలేకపోయింది. ఇన్నాళ్లూ అందరూ విసుక్కున్న పనినే పంతులమ్మ చేయమంటోంది. ఆ సంగతి దాచుకోకుండా నేరుగా వెళ్లి జిలుగుకు కూడా చెప్పింది. జిలుగు రెక్కలు సర్దుకుని నవ్వాడు.

"కట్టడం రానివాళ్లు అడుగుతారు. నాకెందుకు?"

బంగారి తన వాకబు మొదలుపెట్టింది. ముందు సూదమ్మ దగ్గరికి వెళ్లి, ఎలాంటి ఇల్లు కావాలని అడిగింది. ఆ మాట తనను ఇంతవరకు ఎవరూ అడగలేదంది సూదమ్మ.

"లోపలికి పోవడానికేముంది తల్లీ, ఎలాగైనా పోతాను. నా బాధంతా బయటికి రావడమే. నా ముళ్లు వెనక్కి వాలి ఉంటాయి కదా. వెనక్కి అడుగేస్తే అన్నీ గుమ్మానికి తగులుకుంటాయి."

"మరి పాత ఇంట్లో ఏం చేసేదానివత్తా?"

"దొడ్డి గుమ్మం ఉండేది."

పునుగుపిల్లి పగలంతా పడుకుంటుంది కాబట్టి, అది లేచేదాకా బంగారి సాయంత్రం వరకు కాచుకుని కూర్చుంది. పొద్దున్నే ఎండ కళ్లలో పడని ఇల్లయితే చాలంది పునుగుపిల్లి. ఉడుముకు మాత్రం పొద్దున్నే ఒళ్లంతా ఎండ తగలాలట, లేకపోతే కాళ్లు కదలవట. తాబేలు తాతకు దిబ్బ ఎక్కడం కష్టం కాదు, దిగడమే భయం. నిటారు దారిలో ఒకసారి దొర్లితే వాగులోకి వెళ్లి పడేదాకా ఆగడు. ఒక్కో జవాబు వింటుంటే బంగారికి ఇంకా పది ప్రశ్నలు పుట్టుకొచ్చేవి. రోజూ ఒకే బండ కింద పడుకునే వీళ్ల గురించి తనకు ఇంత తెలియదా అని ఆశ్చర్యపోయేది.

ఇలా ఆరు రోజులు గడిచిపోయాయి. కోతిపిల్ల ఓపిక అయిపోయింది. అవతలి జట్టు ఊరు చూస్తే కళ్లు తిప్పుకోలేకపోతున్నామని, తమ ఊరు మాత్రం ఇంకా మాటల్లోనే ఉందని మూతి ముడుచుకుంది. బంగారి కూడా వెళ్లి తొంగి చూసింది. గీత గీసినట్టు ఒకే వరసలో ఐదు ఇళ్లు. అన్నిటికీ తూర్పు వైపు గుండ్రటి గుమ్మాలు. చుట్టూ పూల అంచు. అడగడంలో పడి రోజులన్నీ పోగొట్టానా, వీళ్లంతా చెప్పుకున్న ఇళ్లు ఇక కట్టలేనా అనుకుని ఏడుపు ఆపుకుంది. ఇక మిగిలిన నాలుగు రోజులూ ముగ్గురూ తిండి కూడా సరిగ్గా తినకుండా మట్టి పిసికారు.

గడువు ముగిసిన మర్నాడు పొద్దున్నే కోనంతా ఎర్రదిబ్బ మీద చేరింది. జిలుగు బొమ్మ ఊరు చూసి అందరూ నోరు వెళ్లబెట్టారు. బంగారి జట్టు బొమ్మ చూసి మాత్రం నవ్వు ఆపుకోలేకపోయారు. దారి వానపాములా మెలికలు తిరిగి ఉంది. ఒక ఇల్లు ఎండకు ఎదురుగా ఉంటే, ఇంకొకటి వీపు తిప్పుకుని ఉంది. ఇంకో ఇంటికి ముందొక గుమ్మం, వెనకొక గుమ్మం. పెద్దలు అప్పటికే జిలుగు వైపు చూసి తలలూపుతున్నారు.

అప్పుడు ఇప్పమ్మ లేచింది. ఇళ్లు చూడడానికి కాదు, ఉండడానికి కదా అంటూ, ఉండబోయేవాళ్లే ఒకసారి లోపలికి వెళ్లి రమ్మంది. సూదమ్మ జిలుగు కట్టిన నిజం ఇంట్లోకి వెళ్లింది. తాబేలు తాత ఇరవై అడుగుల దూరంలో ఉన్న నీళ్లు తాగి వస్తానని బయలుదేరాడు.

ఎంతసేపైనా సూదమ్మ బయటికి రాలేదు. లోపల తిరగడానికి చోటు లేదు. వెనక్కి వస్తే ముళ్లన్నీ గుండ్రటి గుమ్మానికి పట్టేశాయి. లాగుదామంటే పట్టుకోవడానికి ముళ్లే తప్ప ఇంకేమీ లేదు. లోపల్నుంచి సూదమ్మ ఏడుపు వినబడింది. చివరికి జిలుగే, తాను ముద్దుగా అల్లి మట్టి మెత్తిన గోడను తన ముక్కుతోనే పీకి పారేయాల్సి వచ్చింది.

ఆ పని ముగిసేసరికి, దిబ్బ నడినెత్తినే నిలబడి ఆయాసపడుతున్న తాత కనబడ్డాడు.

"ఇరవై ఎప్పుడో అయిపోయాయిరా. నీళ్లింకా కనబడలేదు. ఇంతకీ ఎవరి అడుగులు?" అన్నాడు.

కుందేలు తన కాళ్ల వంక చూసుకుంది.

ఆ తర్వాత సూదమ్మ బెదురుతూనే బంగారి జట్టు కట్టిన ఇంట్లోకి వెళ్లింది. ముందు గుమ్మంలోంచి వెళ్లి, దొడ్డి గుమ్మంలోంచి దర్జాగా బయటికి వచ్చింది. ఒక్క ముల్లు కూడా వంగలేదు. పెద్దలు ఇక చర్చించుకోలేదు. బంగారి జట్టు ఊరే కడతామని అక్కడికక్కడే చెప్పేశారు.

ఇప్పమ్మ మాత్రం ఆ బొమ్మ ఊరి దగ్గర వంగి అలాగే చూస్తోంది. "నాలుగే ఇళ్లున్నాయి. మీ ఇల్లేదమ్మా?" అని అడిగింది.

బంగారి బొమ్మ చుట్టూ తిరిగి చూసింది. సూదమ్మది, తాతది, పునుగుపిల్లిది, ఉడుముది. అంతే. కోనలో అందరినీ అడిగింది, ఇంట్లో అమ్మను అడగలేదు. ఇన్ని రోజులూ ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

అప్పుడు జిలుగు ముందుకొచ్చాడు. ముక్కుకు ఇంకా మట్టి అంటుకునే ఉంది. తల వంచుకుని బంగారి వాళ్లమ్మ ముందు వాలాడు. జీవితంలో మొదటిసారి ఒకరిని ఒక మాట అడిగాడు.

"అత్తా, నీకెలాంటి ఇల్లు కావాలి?"

"కాళ్లు చాపుకుని పడుకునేంత చోటుంటే చాలు నాయనా."

"అదెంతో నాకు తెలియదు. ఒకసారి పడుకుని చూపిస్తావా?"

ఆమె సిగ్గుపడుతూనే ఆ ఎర్రమట్టి మీద ఒరిగింది. నాలుగు కాళ్లూ బార్లా చాపింది. ఎన్ని నెలలైందో అలా పడుకుని, కళ్లు వాటంతట అవే మూతలు పడ్డాయి. చూస్తుండగానే నిద్రపోయింది. జిలుగు ఒక పుల్ల తెచ్చి, ఆమె నిద్ర చెడకుండా, ఆమె చుట్టూ మెల్లగా గీత గీశాడు.

వానలకు ముందే ఆ గీత మీద ఐదో ఇల్లు లేచింది.

నీతి: ఎంత పనితనం ఉన్నా, ఒకరి కోసం ఏదైనా చేసే ముందు వాళ్లకేం కావాలో వాళ్లనే అడిగి తెలుసుకోవాలి.