మొసలి కన్నీటికి అర్థం

అనగనగా ఏటి వంపున ఉన్న ఒక అడవిలో, పొద్దు వాలే వేళకు జంతువులన్నీ రేవు దగ్గర చేరి ఇంగ్లీషు జాతీయాలు నేర్చుకునేవి. ఆ అలవాటు ఇప్పుడు లేదు. ఎందుకు లేదో చెబుతాను, వినండి.

నేర్పేది ఒక గోరింక. అది చిన్ననాడు ఒక దొరగారి బంగళాలో, పంజరంలో పెరిగింది. అక్కడ విన్న మాటలన్నీ దానికి కంఠస్థం. అందరూ దానిని పంతులమ్మ అని పిలిచేవారు.

"కుక్కలూ పిల్లులూ కురుస్తున్నాయి అని దొరలు అంటారు. కుండపోతగా వాన పడుతోందని దానికి అర్థం," అని ఒకనాడు చెప్పింది.

"అమ్మో! ఆ వానలో గొడుగు కంటే దుడ్డుకర్ర నయం," అన్నది నక్క. అందరూ నవ్వారు.

"గదిలో ఏనుగు అంటే, అందరికీ తెలిసినా ఎవరూ ఎత్తని సంగతి," అని మరునాడు చెప్పింది.

"నేను గదిలో దూరితే ఇక మాట్లాడేవారికి చోటెక్కడిది?" అన్నాడు ఏనుగు తాత. మళ్లీ నవ్వులు. నీళ్లలో నుంచి తల పైకెత్తి వింటున్న మొసలి కూడా నవ్వింది.

మూడవనాడు గోరింక, "మొసలి కన్నీరు. ఈ మాట వారికీ ఉంది, మనకూ ఉంది. దొంగ ఏడుపు అని అర్థం," అన్నది.

అందరూ మొసలి వైపు తిరిగారు.

"ఏం వదినా, నిజమేనా?" అని నక్క కన్ను గీటింది.

మొసలి చప్పుడు లేకుండా నీటిలోకి మునిగిపోయింది.

కొన్నాళ్లకు గాలివాన వచ్చింది. ఏటి ఒడ్డున ఉన్న పెద్ద మద్దిచెట్టు కూలి ఇసుకదిబ్బ మీద పడింది. ఆ ఇసుకలోనే మొసలి అంతకుముందే గుడ్లు పెట్టి కప్పి ఉంచింది. పిల్లలు గుడ్లలో నుంచి తల్లిని పిలిచే సమయం అది. తల్లి తవ్వి తీయకపోతే అవి లోపలే ఊపిరాడక చనిపోతాయి. మొసలి మానును తోకతో నెట్టింది. మాను కదలలేదు.

అది ఏడుస్తూ రేవుకు వచ్చింది.

"తాతా, నా పిల్లల మీద మాను పడింది. నీ తొండానికి తప్ప అది లేవదు."

ఏనుగు ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఆగు తాతా! దిబ్బ పక్కనే మడుగు ఉంది. దిగగానే నీ కాలు పట్టుకుంటే?" అన్నది నక్క. ఏనుగు ఆగిపోయాడు.

మొసలి ఎలుగుబంటిని వేడుకున్నది. "బావా, నీ గోళ్లతో నువ్వైనా తవ్విపెట్టు."

"నీ కన్నీళ్ల సంగతి మొన్ననే విన్నాం కదమ్మా," అని ఎలుగుబంటి ముఖం తిప్పుకున్నది.

"పంతులమ్మా, నువ్వు చెబితే వీళ్లు వింటారు," అని మొసలి చివరకు గోరింకను అడిగింది.

"ఆలోచించి చెబుతాను," అన్నది గోరింక.

మొసలి దిబ్బకు తిరిగి వెళ్లింది.

గోరింకకు మనసు నిలవలేదు. ఎగిరి వెళ్లి దూరంగా ఒక కొమ్మ మీద వాలింది. మొసలి ఒంటరిగా మాను అంచున ఇసుక తోడుతున్నది. గోళ్లు చిట్లి రక్తం కారుతున్నది. అప్పుడు కూడా అది ఏడుస్తూనే ఉన్నది. చూసేవారు ఎవరూ లేని చోట దొంగ ఏడుపు ఎవరి కోసం? ఇసుక కింద నుంచి సన్నని కూతలు వినిపించాయి.

గోరింక రివ్వున రేవుకు వచ్చింది.

"తాతా, నడు! నేను మాటకు అర్థం చెప్పాను. ఆవిడ ఏడుపేమిటో చూడలేదు. ఇప్పుడు చూశాను."

ఏనుగు పరుగున వెళ్లి మాను ఎత్తి పక్కకు దొర్లించాడు. ఎలుగుబంటి ఇసుక తవ్వింది. కొన్ని పిల్లలు బయటకు వచ్చాయి. కొన్ని గుడ్లలో నుంచి పిలుపు రాలేదు.

మొసలి నోరు తెరిచి పిల్లలను నోట కరుచుకున్నది.

"అయ్యో, మింగేస్తోంది!" అని నక్క అరిచింది.

"నువ్వు కాసేపు ఊరుకుని చూడు," అన్నది గోరింక.

మొసలి నీటిలోకి దిగి మెల్లగా నోరు తెరిచింది. పిల్లలు ఒక్కొక్కటిగా ఈదుకుంటూ బయటకు వచ్చాయి. తరువాత అది దిబ్బకు మళ్లీ వెళ్లింది. పలకని గుడ్లను ముట్టెతో తాకి చూసింది. ఏనుగు తాత వాటి మీద నెమ్మదిగా ఇసుక కప్పాడు.

పొద్దు వాలింది. ఆనాడూ, ఆ తరువాతా కొత్త మాట చెప్పమని ఎవరూ అడగలేదు. గోరింకా చెప్పలేదు. అందరూ రేవులో మొసలి పక్కనే వంగి నీళ్లు తాగారు.

నీతి: ఒక జాతిని గురించి లోకం అనే మాటను నమ్మి, కళ్లెదుట ఏడుస్తున్న ప్రాణికి సాయం నిరాకరించరాదు.