తీతువు ఎవరిని చూసినా ఎందుకు అరుస్తుంది?

ఒకప్పుడు తీతువు పిట్టకు అరవడం తెలియదు. మాట్లాడితే గుసగుసే. గులకరాళ్ళ మధ్య నేలమీద గుడ్లు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చునేది. చప్పుడు చెయ్యకపోతే తననెవరూ చూడరని దాని ధీమా.

అది ఉండే లోయలోనే దుప్పులు పిల్లల్ని కనేవి. పైన కొండమీద చెంచులు ఉండేవాళ్ళు. వాళ్ళలో ఈదన్న మంచి వేటగాడు. పాలు తాగే పిల్ల పక్కన ఉంటే ఆ దుప్పిమీద బాణం వేసేవాడు కాదు.

ఒక ఏడాది వానలు పడలేదు. కింద ఊళ్ళలో చేలన్నీ మాడిపోయాయి. ఊళ్ళవాళ్ళు అడవిలోకి వచ్చారు. ముందు పళ్ళకోసం వచ్చారు. తర్వాత వలలు పట్టుకుని వచ్చారు.

ఒక సాయంత్రం తీతువు చూసింది. లోయకు ఒక చివర వలలు కడుతున్నారు. రెండో చివర ఎండుగడ్డి దగ్గర నిప్పు పట్టుకుని నిలబడ్డారు. మధ్యలో దుప్పులు ఏమీ తెలియకుండా మేస్తున్నాయి.

‘చెప్పాలి’ అనుకుంది తీతువు. ‘నోరు తెరిస్తే నా గుడ్లు కనబడతాయేమో!’ అని కూడా అనుకుంది. నోరు మూసుకుంది.

భగ్గున మంట లేచింది. డప్పులు మోగాయి. దుప్పులు బెదిరి నేరుగా వలల్లోకి పరుగెత్తాయి. ఒక పిల్ల తల్లికోసం అరుస్తూ పొగలో సుళ్ళు తిరిగింది. ఆ తొక్కిసలాటలో ఎవరి గిట్ట పడిందో, ఎవరి కాలు పడిందో, తీతువు గుడ్లన్నీ చితికిపోయాయి.

పొగ చూసి ఈదన్న పరుగెత్తుకొచ్చాడు. విల్లు ఎక్కుపెట్టాడు.

“ఇది మా అడవి! ఇంకొక్క అడుగు వేస్తే బాణం వదులుతా!”

ఊళ్ళవాళ్ళ పెద్ద సిద్ధప్ప. అతను కొడవలి ఎత్తాడు.

“మా పిల్లలు ఆకలికి మట్టి తింటున్నారయ్యా! అడవి నీ ఒక్కడిదేనా?”

ఈదన్న బాణం వదిలేవాడే. అప్పుడు కొండ కదిలింది. పైనుంచి బండలు దొర్లాయి. అందరూ నేలకు కరుచుకుపోయారు.

“ఈదన్నా!” అంది కొండ. “మీ తాతల తాతలు నా ఒడిలోనే పుట్టారు. ఇక్కడ వేటాడే హక్కు మీది. దాన్ని ఎవరూ తీసుకోలేరు. సిద్ధప్పా! వాగు నీళ్ళు, నడిచే దారి, రాలిన పండు, ఎండిన పుల్ల మీకూ ఉన్నాయి. వలా నిప్పూ తేవద్దు. దుప్పులు పిల్లల్ని కనే ఈ లోయలోకి మాత్రం ఎవరూ రావద్దు.”

“నేను కూడానా?” అన్నాడు ఈదన్న.

“నువ్వు కూడా. నీకూ ఆకలి వేస్తుంది కదా!” అంది కొండ.

“ఎవరైనా దొంగచాటుగా వస్తే మాకెలా తెలుస్తుంది?” అని వలల్లోంచి తప్పించుకున్న ఒక దుప్పి అడిగింది.

“నేను కాపలా ఉంటా” అంది పొదలోంచి ఒక పులి. దుప్పులన్నీ గబగబా వెనక్కి జరిగాయి.

“నేనుంటాను” అని గుసగుసగా వినబడింది. చూస్తే తీతువు.

“అరిస్తే నువ్వెక్కడున్నావో అందరికీ తెలిసిపోతుంది” అంది కొండ.

“తెలియనీ. నోరు మూసుకుంటే మాత్రం నా గుడ్లు దక్కాయా?”

కొండ దాని గొంతులోకి గాలి ఊదింది.

కొన్నాళ్ళు లోయలోకి ఎవరూ రాలేదు. ఒక పొద్దుగూకే వేళ పొదల్లో అడుగుల చప్పుడైంది. తీతువుకు రెక్కలు బిగుసుకుపోయాయి. మెల్లగా తొంగిచూసింది. ఈదన్న! కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి. విల్లు ఎక్కుపెట్టి ఉంది. ఎదురుగా పిల్లకు పాలిస్తున్న దుప్పి.

‘మనవాడే కదా’ అనుకుంది తీతువు. అయినా ఒళ్ళంతా వణికింది. అరిచేసింది.

“ఎవ్వరదీ! ఎవ్వరెవ్వరదీ!”

దుప్పి పిల్లతో సహా మాయమైంది. ఈదన్న ఉలిక్కిపడ్డాడు.

“నేనే! నన్ను చూసి కూడా అరుస్తావా?”

“చీకట్లో నీ అడుగూ వాళ్ళ అడుగూ ఒకేలా వినబడ్డాయి, ఈదన్నా. నువ్వేనని చూశాక కూడా భయం పోలేదు.”

ఈదన్న తన చేతిలో విల్లు చూసుకున్నాడు. “ఇంట్లో పిల్ల రెండు పూటలుగా ఏమీ తినలేదు” అన్నాడు నెమ్మదిగా. అని వెనక్కి తిరిగాడు. వాగు ఒడ్డున నీళ్ళు ముంచుకుంటున్న సిద్ధప్పకు ఆ అరుపు వినబడింది. లోయలోంచి బయటికి వస్తున్న ఈదన్నను చూశాడు. తను ఏరుకున్న పళ్ళలో సగం తీసి అతని ముందు పెట్టాడు.

అప్పటినుంచే తీతువు ఎవరు వచ్చినా అరుస్తుంది. కొండవాళ్ళు వచ్చినా, ఊరివాళ్ళు వచ్చినా, పులి వచ్చినా దానికి ఒకటే అరుపు. ఇప్పటికీ నేలమీదే గుడ్లు పెడుతుంది. ఇప్పటికీ దానికి భయమే. భయపడుతూనే లేచి, మన నెత్తిమీద తిరుగుతూ అరుస్తుంది.