నక్క ఎత్తేసిన కప్పుల దుకాణం

వైశాఖ శుద్ధ ఏకాదశి, గురువారం. పొద్దు బారెడెక్కిన వేళ నక్క తన దుకాణం ఎత్తేస్తున్నానని చాటింది.

ఆ అడవిలో గుడిసెలకు కప్పు నేసేది నక్కే. ఇంటికో గంపెడు గింజలు పుచ్చుకుని, "మూడేళ్లలోపు కప్పు కారితే నాదే పూచీ" అనేది. అలా పూచీ పడ్డవాళ్లు పుచ్చుకున్న గింజల్లో సగం ఏనుగు కాపలా ఉన్న పాతరలో పోయాలి. గడువు తీరేదాకా, లేదా దుకాణం ఎత్తేసేటప్పుడు ఏ ఇంటి కప్పూ కారడం లేదని తేలేదాకా పాతర తెరవకూడదు. అది అక్కడి కట్టుబాటు.

నక్క ఇల్లిల్లూ తిరిగింది. నెలలు నిండిన కుందేలు గుమ్మంలో కూర్చుని ఆయాసపడుతోంది.

"చెల్లెమ్మా, కప్పేమైనా కారుతోందా?"

"ఈ ఎండల్లో కారేది నా చెమటేనన్నా."

"కారట్లేదనేగా? ఆ ముక్కే ఏనుగు పెద్దయ్యతో చెప్పు."

కుందేలుకి వాదించే ఓపిక లేదు. సరేనంది. మిగతావాళ్లూ అలాగే అన్నారు.

ఏనుగు అందరి మాటా విని నిట్టూర్చింది. ఇలాంటివి చాలా చూసింది.

"దుకాణం ఎత్తేసేవాళ్లంతా ఎండాకాలంలోనే ఎత్తేస్తారేమిరా?"

"ముసలాణ్ణయ్యాను పెద్దయ్యా. పాతర తెరిస్తే నా దారిన నేను పోతాను."

ఏనుగు మెల్లగా వాగుకి నడిచి, తొండం నింపుకొచ్చి, కుందేలు గుడిసె మీద పోసింది. పుట్టబోయే పిల్లల కోసం పరిచిన మెత్తటి గడ్డి మీద నీళ్లు ధారకట్టాయి.

"పిల్లల్ని ఇందులోనే పడుకోబెట్టేదాన్ని" అంది కుందేలు నెమ్మదిగా.

"అది వాన కాదు పెద్దయ్యా, తొండం నీళ్లు" అంది నక్క.

"ఆ తేడా కప్పుకి తెలుసేమో, దాన్నే అడుగు."

ఏనుగు కాళ్లీడ్చుకుంటూ అన్ని ఇళ్లకూ వెళ్లింది. అన్నీ కారాయి.

"మరి నా గింజలు?"

"అవి నీ మాటకి కట్టుబడ్డ గింజలు. నువ్వు పోతే పో, ఎవరాపారు."

ఏనుగు గూళ్లు అల్లే గిజిగాడి పిట్టల్ని పిలిచి, కప్పులు బాగుచేసి కూలి పాతరలోంచి తీసుకోమంది. నక్క తోక ముడుచుకుని పోయింది.

దుకాణం మూతపడినా ఇచ్చిన మాట మూతపడదు.

మర్నాడు పొద్దున్నే కుందేలు దేవుడికి దణ్ణం పెట్టుకుని, తడిసిన గడ్డి ఎండలో పరిచింది. పైన గిజిగాళ్లు కప్పు అల్లుతుంటే, కింద నుంచి మగకుందేలు గడ్డి పరకలు అందిస్తూ నిలబడింది.