దళపతికి గట్టు, పెద్దకి ఏరు

ఇద్దరికి మాటిచ్చారనుకోండి. ఆ రెండు మాటలూ ఒక్కరోజే ఎదురెదురుగా వచ్చి నిలబడితే, ఏది నిలబెడతారర్రా? బాచీ, నోట్లో వేలు తియ్యి, నిన్నే అడుగుతున్నా. తెలీదా? అయితే విను.

అనగనగా ఒక ఏటి ఒడ్డు. మన ఏరు కాదు, సముద్రాలవతల, రోము చక్రవర్తి రాజ్యం కొసన. ఆ ఒడ్డున ఒక తెగ. వాళ్ళకి నేల మీద నడకెంతో నీళ్ళలో ఈతా అంతే. ఏరు దాటాలంటే తెగ పెద్ద ముందు దిగాలి. పెద్ద వెనక తమ్ముడు, తమ్ముడి వెనక కొడుకు, కొడుకు వెనక గుర్రం, గుర్రం తోక పట్టుకుని ఊరంతా! పెద్ద దిగకుండా ఇంకెవరు కాలు తడిపినా ఏరు మింగేస్తుందని వాళ్ళ నమ్మకం. ఊ కొట్టండి మరి, గోడకి చెబుతున్నానా?

ఆ పెద్ద పేరు వాల్దికుడు. చక్రవర్తి వాళ్ళ ఈత చూసి ముచ్చటపడి, తన సైన్యానికి తోడు దళంగా పెట్టుకున్నాడు. పోలీసుల పక్కన హోంగార్డుల్లేరూ, అలాగన్నమాట. వాల్దికుణ్ణి దళపతిని చేసి, ఎర్ర శాలువా కప్పి ప్రమాణం చేయించారు. దళపతి గట్టు మీదే నిలబడాలి, ఆజ్ఞలివ్వాలి, కదిలితే పదవి ఊడుతుంది. ఆయన మురిసిపోతూ సరేనన్నాడు. కోడలు ఇల్దా మూతి తిప్పింది.

"గట్టెక్కావు సరే మామా, రేపు ఏట్లో ముందు దిగేదెవరు?"

ఆయన మీసం దువ్వుకుని, శాలువా సర్దుకున్నాడు.

ఒకనాడు ఏరు పొంగింది. నడిమి లంకలో నలభైమంది రోము సైనికులు చిక్కుకున్నారు. నీళ్ళు మోకాళ్ళ దాకా, నడుం దాకా, చంకల దాకా... ఊ కొడుతున్నారా? రోము సేనాని పరుగున వచ్చి, దూకి వాళ్ళని తీసుకురమ్మని దళం మీద అరిచాడు. ఒక్కడు దూకితే ఒట్టు! అందరూ వాల్దికుడి వంకే చూస్తున్నారు. సేనానికది తిరుగుబాటులా కనిపించింది. వెంటనే దిగకపోతే పదిమందికొకణ్ణి చంపిస్తానన్నాడు.

ఇల్దా జనాన్ని తోసుకుంటూ వచ్చింది. అయ్యా, వీళ్ళది భయం కాదు, మా తెగ మర్యాద, పెద్ద దిగితేనే దిగుతారు, ఆ పెద్దని గట్టుకి కట్టేసింది మీరే, ప్రమాణం చేయించేముందు మా పద్ధతేంటని ఒక్కమాట అడిగారా అని నిలదీసింది.

ఆ పదవంటే వాల్దికుడికి ఎంత ఇష్టమో! అన్నం తినేటప్పుడు కూడా శాలువా తీసేవాడు కాదు. అలాంటిది విప్పి సేనాని చేతిలో పెట్టాడు.

"కాస్త పట్టుకోండి దొరా, తడిస్తే పాడవుతుంది."

దూకేశాడు! పెద్ద దిగాడు, తమ్ముడు దిగాడు, కొడుకు దిగాడు, గుర్రం దిగింది, తోక పట్టుకుని దళమంతా దిగింది! నలభైమందీ గట్టెక్కారు. వాల్దికుడు అందరికన్నా ఆఖర్న వచ్చి, చలికి గజగజలాడుతూ, నా మనుషుల్ని వదిలి నాకే శిక్ష వెయ్యమని తల వంచాడు.

తడిసి ముద్దైన సైనికులు సేనాని నోటివంకే చూస్తున్నారు. ఆయన కాసేపు దగ్గాడు. శాలువా దులిపి, ఆ వణికే భుజాల మీద తనే కప్పాడు. ఇకమీదట ఈ దళపతి చోటు గట్టు కాదు, ఏరేనన్నాడు. ఏ ప్రమాణమైనా ముందు మీ పద్ధతి అడిగే చేయిస్తామన్నాడు ఇల్దాతో.

"అడగండి మరి, మాకూ నోళ్ళున్నాయి," అంది ఆ గడుసుపిల్ల. ఆ పూట గట్టంతా నవ్వులే, అందరికీ వేడివేడి గంజే.

కథ ఏటి వెంట సముద్రంలోకి పోయింది, మనం దుప్పట్లోకి వచ్చాం. నీలూ, బెల్లు కొట్టేదాకా ఎంత దాహమేసినా నీళ్ళు తాగకూడదని మీ బళ్ళో కొత్త రూలు పెట్టారన్నావే. రేపు వెళ్ళి, ఎందుకని మర్యాదగా, గట్టిగా అడుగు. బాచీ, నువ్వు అక్క పక్కన నిలబడు.