నక్క ఎంచుకున్న వస్తువు

నక్క నాగభూషణం కళ్ళం గట్టున కూర్చుని కథలు చెప్పడం మొదలుపెట్టాక, పశువుల కొట్టంలో అందరికీ కళాహృదయం పుట్టుకొచ్చింది. కుక్క భీమన్న మొరగడం మానేసి తల ఊపడం నేర్చుకున్నాడు. కాపలా కాయడం చిల్లరపని అట.

ఆ సాయంత్రం కథ గేదె చుక్కమ్మది. ఆమె దూడ చచ్చిపోతే, యజమాని దాని తోలులో ఎండుగడ్డి కుక్కి, ఆమె ముందు నిలబెట్టి పాలు పిండుకున్నాడు. నక్క అదంతా ఒళ్ళు మరిచి చెప్పాడు. కోళ్ళు కళ్ళు ఒత్తుకున్నాయి. భీమన్న "ఆహా" అన్నాడు.

చుక్కమ్మ మేత వదిలేసి తలెత్తింది.

"ఆపరా! నా బిడ్డ గురించి చెప్పమని నిన్నెవరడిగారు?"

"కోప్పడకు వదినా. కథకి వస్తువు కావాలి కదా. నీ దుఃఖమంత మంచి వస్తువు ఊళ్ళో ఇంకోటి లేదు. రేపు ఇంకాస్త పెంచుతాను. తోలుదూడ నిన్ను 'అమ్మా' అని పిలుస్తుంది."

"అది పిలవలేదురా! పిలవలేదనే కదా నా ఏడుపు!"

"పిలిస్తే బాగుంటుంది."

చుక్కమ్మ కుమ్మబోతే, కట్టేసిన పలుపు మెడకి బిగుసుకుంది. పాపం కళాకారుణ్ణి అలా కసురుతుందేమిటని కోళ్ళు గొణిగాయి. చుక్కమ్మ తెల్లవార్లూ కోపాన్నే నెమరేసింది.

మర్నాడు నక్క గొంతు సవరించుకోగానే ఆమే అందుకుంది.

"పరాయి ఏడుపు తప్ప నీకేమీ చేతకాదని కోళ్ళు అనుకుంటున్నాయి, నాగభూషణం."

కోళ్ళు అలా అనుకోలేదు. అనుకునేంత తెలివుంటే ఈ కథే ఉండేది కాదు.

నక్కకి రోషం వచ్చింది. "నాకా చేతకానిది? వస్తువు చెప్పు!"

"ఈమధ్య గూట్లో కోళ్ళు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి కదా, మొన్న తెల్లపెట్ట కూడా. ఆ దొంగ మనసులో దూరి చెప్పు చూద్దాం. ఎవరూ చూడనిది నువ్వు మాత్రం ఎలా చెబుతావులే."

నక్క మీసం దువ్వి మొదలుపెట్టాడు. ఆ రోజు వాడి గొంతే వేరు. గూటి వెనక తడికలో వదులైన బద్దని పళ్ళతో జరపడం, తెల్లపెట్ట అరవకముందే మెడ దొరకబుచ్చుకోవడం, ఈకల్ని తుమ్మపొద కింద పూడ్చడం. ఒక్క మాట వృథా లేదు. మధ్యలో నోరూరి ఆగాడు కూడా.

ఈసారి ఎవరూ "ఆహా" అనలేదు. ఒక కోడి వెళ్ళి బద్ద తోసింది. కదిలింది. భీమన్న తుమ్మపొద కింద తవ్వాడు. తెల్ల ఈకలు.

"కల్పన, భీమన్న బావా! అంతా కల్పన!"

"నీ కల్పన ఎలా ఉంటుందో నిన్న విన్నాంగా," అంది చుక్కమ్మ. "ఇది అది కాదు."

భీమన్నకి మొరగడం గుర్తొచ్చింది. కరవడం కూడా. నక్క వెళ్ళాడు గానీ, తోకలో సగం కళ్ళంలోనే ఉండిపోయింది.

కోళ్ళు చుక్కమ్మ చుట్టూ చేరాయి. "అక్కా, నీ దూడ కథ ఇక నువ్వే చెప్పు."

చుక్కమ్మ వాటికి వీపు తిప్పి పడుకుంది.

ఎదుటివాళ్ళ ఏడుపును కథావస్తువుగా ఎంచుకునేవాడికి, తన కథ తాను చెప్పుకున్న రోజున దాక్కోవడానికి చోటు దొరకదు.