భుజం కప్పిన వేషం

విజయనగరంలో కర్రసాము నేర్పే పాత తాలింఖానా ఒకటుంది. అక్కడి గురువు బుగత సింహాచలం గారికి ఒక అలవాటు. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పరు. కర్ర అందుకోమంటారు, లేకపోతే నీళ్లు తెమ్మంటారు, అదీ కాకపోతే ఊరుకుంటారు. జవాబు తరవాతెప్పుడో ఏదో ఒక పనిలో దొరుకుతుంది. దొరకనివాళ్లూ ఉన్నారు.

ఆ ఉదయం ఆయన శిష్యురాలు నూకరత్నం వచ్చీ రాగానే అడిగింది.

"గురువుగారూ, ఓడిపోయినవాళ్ల నోటి నుంచి వచ్చినంత మాత్రాన నిజం అబద్ధమైపోతుందా?"

మర్యాదగానే అడిగింది గాని మనసులో మంట ఉంది. ముందురోజు జరిగింది అంత సులువుగా మింగుడుపడేది కాదు.

నూకరత్నం పొద్దున తాలింఖానాలో కర్ర తిప్పుతుంది, సాయంత్రం కంప్యూటర్ తెర మీద కత్తి తిప్పుతుంది. ఊళ్లో ఆమెకు పేరు తెచ్చింది రెండోదే. అది జపాను సమురాయ్ వీరుల ఆట. అతుకుల నూలుబట్టతో, మొండి కత్తితో బయలుదేరిన వీరుడు పోరు గెలిచిన కొద్దీ పాయింట్లు కూడబెట్టి కత్తికి పదును, చేతికి పట్టు, ఒంటికి దమ్ము పెంచుకుంటాడు. మధ్యమధ్య కొత్త వేషాలు తెరుచుకుంటాయి: కొమ్ముల శిరస్త్రాణం, ఎర్రలక్క కవచం, సన్యాసి కాషాయం. ఇవన్నీ పైపై ముచ్చట్లు. ఆట ప్రాణం మాత్రం ఒక్క క్షణంలో ఉంది. ఎదుటివాడి కత్తి దిగే వేళకు సరిగ్గా అడ్డు పెడితే వాడు తూలుతాడు, దెబ్బ మనదవుతుంది. ముందు పెట్టినా, వెనక పెట్టినా మన పని అయిపోయినట్టే.

ఆ క్షణాన్ని ముందుగా చెప్పేది భుజం. కత్తి లేవబోయేముందు కుడిభుజం రవ్వంత దిగుతుంది. ఈ సంగతి నూకరత్నానికి ఆట నేర్పలేదు, తాలింఖానా నేర్పింది. అక్కడ మొదటి పాఠమే అది: కర్రను చూడకు, భుజాన్ని చూడు. అందుకే మగవాళ్లు పైగుడ్డ తీసి గట్టు మీద పెడితేగాని బరిలో దిగరు. ఆడపిల్లలు చున్నీని నడుముకు బిగిస్తారు. భుజం దాచుకుని కర్ర ఎత్తడం అక్కడ దొంగదెబ్బ కింద లెక్క.

ఊళ్లోని ఒక క్లబ్బు ఆ ఆటకు జిల్లా పోటీ పెట్టింది. ఎవరికీ ఎక్కువ తక్కువలు ఉండకూడదని పదును, పట్టు, దమ్ము అందరికీ సమానం చేశారు. వేషాలు మాత్రం ఎవరి ఇష్టానికి వారిని వదిలేశారు. వేషానికి బలం లేదు కదా అన్నారు. అయితే వాటిలో కాకిరెక్కల అంగీ అనే వేషం క్లబ్బు సభ్యులకే తెరుచుకుంటుంది. మెడ నుంచి మోచేతి దాకా నల్లటి ఈకలు. చూడ్డానికి బాగుంటుంది. దాని కింద భుజం దిగిందో లేదో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

పోటీకి ముందు జరిగిన సాధన ఆటల్లో నూకరత్నం క్లబ్బు కుర్రాడు ప్రణీత్ చేతిలో వరసగా ఓడింది. అతను బాగానే ఆడతాడు గాని అంత బాగా ఆడడు. కారణం ఆమెకు తెలిసింది. తిన్నగా వెళ్లి క్లబ్బు కార్యదర్శి కల్యాణచక్రవర్తికి చెప్పింది. ఆ అంగీని పోటీ నుంచి తీసేయమంది. అంతకు మించి ఏమీ అడగలేదు.

ఆయన విసుక్కోలేదు. తెర మీద అంకెలు తెరిచి చూపించాడు. "చూడమ్మా, ఎక్కడైనా ఒక్క పాయింటు ఎక్కువుందా? బట్టకు బలమేముంటుంది?"

"బలం ఉందని నేననలేదండీ. భుజం కనబడటం లేదంటున్నాను."

"మిగతావాళ్లకూ కనబడదు కదా. వాళ్లెవరూ అడగలేదే?"

"వాళ్లు ఓడిపోయి ఇళ్లకు పోయారండీ."

"నువ్వూ ఓడిపోయావు కదమ్మా," అన్నాడాయన నవ్వుతూ.

హాలంతా నవ్వింది. నూకరత్నంతోపాటు సాము నేర్చుకునే ఎరుకునాయుడు అక్కడే ఉన్నాడు. "ఆడలేక మద్దెల ఓడంటే ఇదే అక్కా," అన్నాడు. మళ్లీ నవ్వారు. కొలిచినవన్నీ సమానంగా ఉన్నాయి కనుక ఎవరికీ అనుమానం రాలేదు. కొలవనిది ఏదైనా ఉందా అని అడిగిన మనిషి ఒక్కతే. ఆమె ఓడిన మనిషి.

గురువుగారు ఇదంతా విన్నారు. కొక్కేనికున్న దుప్పటి తీసి, మెడ నుంచి మోకాలి దాకా కప్పుకుని, కర్ర పట్టుకుని బరిలో దిగారు. శిష్యులు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. దుప్పటితో ఆయన బరిలో దిగడం ఎవరూ ఎరగరు.

"రా అమ్మా," అన్నారు.

నూకరత్నం కర్ర ఎత్తేలోపే మణికట్టు మీద తగిలింది. మళ్లీ ఎత్తింది, మోచేతి మీద తగిలింది. ఎంత కళ్లు చించుకున్నా దుప్పటే గాని మనిషి కనబడలేదు. అయినా ఆమె నోరు మెదపలేదు. నోరు తెరిస్తే ఏమవుతుందో ముందురోజే చూసింది.

గురువుగారు ఆమెను పక్కకు తప్పించి ఎరుకునాయుణ్ని పిలిచారు. మొదటి దెబ్బకే అతను వెనక్కి గెంతాడు.

"ఇదెక్కడి న్యాయం గురువుగారూ? దుప్పటి తీసి రండి."

"దుప్పట్లో బలమేటుందిరా నాయుడూ? తడిమి చూసుకో."

"బలం మాటెందుకండీ, భుజం కనబడొద్దా?"

"నిన్న కనబడిందా?" అన్నారు గురువుగారు.

ఎరుకునాయుడు తల దించుకున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నూకరత్నం మళ్లీ బరిలోకి వెళ్లింది. దుప్పటి దాచినదాని కోసం వెతకడం మానేసి, దాచనిదాని కోసం చూసింది. గురువుగారి కర్ర లేచే ముందు వెనకకాలి మడమ నేల విడుస్తోంది. వెంట్రుకవాసి, అంతే. ఆ మడమ మీదే చూపు నిలిపింది. కాసేపటికి ఆమె కర్ర ఆయన కర్రను గాలిలోనే ఆపింది. ఆ చప్పుడు గోడలకు తగిలి వచ్చింది.

గురువుగారు మెచ్చుకోలేదు. దుప్పటి విప్పి కొక్కేనికి తగిలించి, "పోటీ ఎప్పుడు?" అన్నారు.

"ఆదివారమండీ."

"ఎల్లి ఆడు."

ముందు గెలువు, గెలిచి చెప్తే వింటారు. గురువుగారి మాటకు అర్థం ఇదేనని ఆమె అనుకుంది. తప్పు పట్టలేం. లోకం కూడా పిల్లలకు చెప్పేది అదే.

ఆదివారం ఆఖరి ఆట ఆమెకూ ప్రణీత్‌కూ పడింది. ప్రణీత్ వీరుడు కాకిరెక్కల అంగీలో వచ్చాడు. ఆమె వీరుడు మొదటిరోజు నాటి అతుకుల నూలుబట్టలో వచ్చాడు. చూడవచ్చినవాళ్లు దాన్ని పొగరన్నారు. ఆమె ఈకల వంక చూడనే లేదు, గడ్డిచెప్పులో ఉన్న మడమను చూసింది. మడమ కదిలినప్పుడల్లా అడ్డు పడింది, అడ్డు పడినప్పుడల్లా అంగీ తూలింది. ఆట త్వరగానే ముగిసింది. తాలింఖానా కుర్రాళ్లు ఎరుకునాయుడి వెంట వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. లేచి ఈలలు వేశారు.

వేదిక మీద కల్యాణచక్రవర్తి మైకు అందుకున్నాడు. విజేతకు క్లబ్బు తరఫున ప్రత్యేక బహుమతిగా కాకిరెక్కల అంగీ తెరుస్తున్నామని చెప్పి, మైకు ఆమెకిచ్చాడు.

"నాకు వద్దండీ," అంది నూకరత్నం. "ఆ అంగీ భుజాన్ని దాస్తుంది. దాని వల్ల ఎందరో ఓడిపోయారు. దాన్ని పోటీ నుంచి తీసేయండి. అప్పుడు ఓడి చెప్పానన్నారు. ఇప్పుడు గెలిచి చెప్తున్నాను."

కార్యదర్శి చిరునవ్వు చెదరలేదు. "గెలిచావు కదమ్మా. అంగీలో అంత అన్యాయమే ఉంటే ఎలా గెలిచావు? అందులో ఏ దోషమూ లేదని నువ్వే రుజువు చేశావు."

హాలు చప్పట్లతో మోగిపోయింది. ఆమె ఇంకేదో అనబోయింది గాని మైకు అప్పటికే వేరే చేతిలోకి వెళ్లింది. బహుమతి వద్దనడం పెద్దమనసు కింద జమ అయింది. మరునాడు పేపరు జిల్లా పేజీలో ఫొటో పడింది. పైన శీర్షిక: 'వినయం చాటిన విజేత'. అంగీ మాట వార్తలో ఎక్కడా లేదు. అంగీ పోటీలోనే ఉంది.

ఆ ఉదయమే ఆమె తాలింఖానాకు వచ్చింది. శిష్యులు మిఠాయి పొట్లంతో ఎదురొచ్చారు. ఎరుకునాయుడు పేపరు మడిచి పట్టుకున్నాడు. ఆమె వాళ్లను దాటి గురువుగారి ముందుకు వెళ్లి నిలబడింది. కళ్లలో నీళ్లున్నాయి. అవి దుఃఖంతో వచ్చినవి కావు.

"ఓడి చెప్తే, ఓడావు కాబట్టి అంటున్నావన్నారు. గెలిచి చెప్తే, గెలిచాక ఇంకా అనడమెందుకన్నారు. ఇంకెలా చెప్పమంటారు గురువుగారూ? ఓడకుండా, గెలవకుండా చెప్పే దారేదైనా ఉందా? మీ మాట పట్టుకునే కదా వెళ్లాను."

"గెలిస్తే వింటారని నేనన్నానా?"

ఆమె గుర్తు చేసుకుంది. "అనలేదు."

"హాల్లో ఎవరెవరున్నారు?"

"నిండా జనం. మనవాళ్లంతా వచ్చారు."

"అంగీ కింద భుజం కనబడదని మనవాళ్లకు తెలుసా?"

నూకరత్నం వెనక్కి తిరిగి చూసింది. పొట్లం పట్టుకున్నవాడు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూస్తున్నాడు. ఎరుకునాయుడు పేపరును ఇంకో మడత పెట్టాడు.

"తెలుసు," అంది.

"ఆ పెద్దమనిషి మాట్లాడుతున్నప్పుడు ఏటి చేశారు?"

"చప్పట్లు కొట్టారు."

సింహాచలం గారు గట్టు దిగి శిష్యుల ముందుకు వచ్చారు. ఎంత పోరులోనూ హెచ్చని ఆయన గొంతు అప్పుడూ హెచ్చలేదు.

"ఆ పిల్ల ఓడింది. ఆ పిల్లే గెలిచింది. మీరు ఓడనూ లేదు, గెలవనూ లేదు. చెప్పడానికి మీకేటి అడ్డొచ్చింది నాయనా?"